ఎదురుగా కూర్చుంటే తినదు

నా స్నేహితుడికి పుణెలో ఉద్యోగం వచ్చింది. నాకు పాము వచ్చింది. బెంగాల్లో ఒక రైల్వే ఊరు మాది; అక్కడి మలంచా పేటలో మేమిద్దరం అద్దెకుంటున్న మేడమీద వాటాలోంచి అతను మంచం, ఫ్యాను, కుక్కరు అన్నీ పట్టుకుపోయి, దీన్ని మాత్రం ప్లాస్టిక్ టబ్బు, దాని కింది హీటింగ్ ప్యాడుతో సహా "ఒక్క నెల చూడరా" అని వదిలేశాడు. ఆ నెల ఇంకా అవలేదు.

అది బాల్ పైథాన్. ఆఫ్రికా జాతి, విషం లేదు, కాగితాలున్నాయి. భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. మా నాన్న రైల్వేలో రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, అమ్మతో విశాఖ వెళ్ళిపోయిన రోజు నేనూ దాదాపు అలాగే పడుకున్నాను. తేడా ఏమిటంటే, నా కింద ఎవరూ హీటింగ్ ప్యాడ్ పెట్టలేదు.

దాని భోజనం తెల్ల ఎలుక. గడ్డకట్టించినవి కోల్‌కతాలో ఒకాయన అమ్ముతాడు. థర్మాకోల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని హౌరా నుంచి లోకల్‌లో వస్తుంటే, ఎదురు సీటు పెద్దమనిషి మెడ చాచాడు.

"మాఛ్ నాకి, దాదా?"

చేపలే అన్నాను. బెంగాల్లో ఒళ్ళో ఐసు డబ్బా ఉన్నవాడు ఇంకేం చెప్పినా అనుమానిస్తారు. ఏ చేప, ఎక్కడ కొన్నావు, ఎలా వండుతావు అని దారంతా అడిగాడు. ఆవాలు నూరి వేస్తానన్నాను. పచ్చిమిరపకాయలు చీల్చి వెయ్యమన్నాడు. ఆ వారంలో నాతో అంతసేపు మాట్లాడిన మనిషి ఆయనే. ఆయన దిగిపోతుంటే కొంచెం దిగులేసింది.

ఎలుకని గోరువెచ్చటి నీళ్ళలో కరిగించాలి, తడి తుడవాలి, బతికున్న ఎలుకంత వేడిగా చేసి పటకారుతో అందించాలి. చల్లగా ఉంటే పాము దాన్ని తిండి కింద లెక్కపెట్టదు. వేడికి హెయిర్ డ్రయ్యర్ మంచిదని స్నేహితుడు ఫోన్లో చెప్పాడు. కింది వాటాలో ఉండే పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. చుట్టం కాదు, మా చర్చి మనిషి. ఆవిడ కూతురు పెళ్ళై టాటానగర్‌లో ఉంది, కూతురి డ్రయ్యర్ మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

"నీ నెత్తి మీదున్న నాలుగెంట్రుకలకి డ్రయ్యరేట్రా? తువ్వాలెట్టి అదిమితే పోదేటి?" అంది. ఇచ్చింది మాత్రం.

పాము తినలేదు. ఎలుకని చూసింది, నన్ను చూసింది, తల తిప్పేసుకుంది. మరుసటి వారమూ అంతే. ఆ తర్వాతి వారమూ అంతే. వీపు మీద వెన్నెముక గట్టులా లేవడం మొదలైంది. ఒకరు నమ్మి అప్పగించిన ప్రాణం నా వంటగది పక్కన ఎండిపోతోంది, నేనేమో ఎలుకలకి తల ఆరబెడుతున్నాను.

మళ్ళీ ఫోన్ చేశాను.

"నువ్వు దాని దగ్గరే కూర్చుంటున్నావా?" అన్నాడు స్నేహితుడు.

"మరి?"

"కూర్చోకురా. ఎలుకని లోపల పెట్టి, టబ్బు మీద గుడ్డ కప్పి, వెళ్ళిపో. ఎవరైనా చూస్తుంటే అది తినదు."

"ఎక్కడికి వెళ్ళను?"

"ఎక్కడికైనా పో."

పక్కగదిలోకి వెళ్ళి తలుపు సందులోంచి చూసేవాణ్ణి. పని నుంచి వచ్చాక ఆ ఇంట్లో నేను కాక కదిలే ప్రాణి అదొక్కటే. అది కూడా పెద్దగా కదలదు.

బుధవారం సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక. చివర్లో అందరూ తమ మనవులు చెప్పుకుంటారు. ఒకరిది మోకాలు, ఒకరిది ట్రాన్స్‌ఫరు, ఒకరిది కొడుకు పరీక్ష. నా వంతు వచ్చింది. ఏదెను తోట సంగతి బాగా గుర్తున్న జనం మధ్య పాము మాట ఎత్తలేక, "మా ఇంట్లో ఒకరు చాలా రోజులుగా తిండి ముట్టడం లేదండి" అన్నాను. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, ఆ పేరు తెలియని బిడ్డకి ఆకలి పుట్టించమని ఎంత బతిమాలారంటే, నాకే ఆకలి పుట్టింది.

మర్నాడు సాయంత్రం పెద్దమ్మ క్యారియరు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మిరియాల చారు, మెత్తగా వండిన అన్నం.

"ఎవుర్రా లోపల? ఏ పిల్లనైనా తెచ్చి దాసినావేటి?"

"పిల్ల కాదు పెద్దమ్మా."

"మరెవులు? తప్పుకో, నేను తినిపిత్తాను."

తప్పుకున్నాను. ఆవిడ టబ్బులోకి చూసింది. అరవలేదు. క్యారియరు గుండెకి హత్తుకుని వెనక్కి నడిచి గుమ్మంలో ఆగింది.

"దీనికోసమా అయ్యగారు కన్నీళ్ళెట్టుకున్నారు?"

"మంచిదే పెద్దమ్మా. ఎవర్నీ ఏమీ చెయ్యదు."

"దాని మంచితనం నాకు సెప్పకు. మొదటి పేజీల్లోనే సదివినాను." అంటూనే ఇంకోసారి తొంగిచూసింది. "బాగా సిక్కిపోయిందిరా. ఎందుకు తినదు?"

"నేను చూస్తుంటే తినదట."

"అయితే సూడకు. ఎటైనా ఎల్లు."

"ఎక్కడికెళ్ళాలి పెద్దమ్మా?"

దీని తర్వాత ఒక జోకు వెయ్యాల్సింది. తట్టలేదు. ఆవిడ పాముని వదిలేసి నన్ను చూసింది, వంటగట్టు మీదున్న నా ఒక్క కంచాన్ని చూసింది.

"దానికెట్టీసి కిందకి రా. ఇది మళ్ళీ ఎచ్చబెడతాను."

ఎలుకని లోపల పెట్టి, గుడ్డ కప్పి, తలుపు చేరవేసి దిగాను. వడ్డించి ఎదురుగా కూర్చుంది. నేను తింటున్నంతసేపూ చూస్తూనే ఉంది. ఎవరైనా చూస్తున్నా నేను తినగలనని చాలా రోజుల తర్వాత తెలిసింది. మూడుసార్లు అన్నం వేయించుకున్నాను. మిగిలింది క్యారియర్లో సర్ది నాకే ఇచ్చింది.

పైకొచ్చి గుడ్డ ఎత్తాను. ఎలుక లేదు. పాము నడుమ దగ్గర చిన్న ఉబ్బు.

మెట్ల దగ్గరికి పరుగెత్తాను. "పెద్దమ్మా! తినేసింది!"

"స్తోత్రం!" అని కిందనుంచి వినిపించింది. వెంటనే, "తలుపేసుకో!"

స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. బొటనవేలు బొమ్మ పంపాడు. నెల సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తిన్న పాముని రెండు రోజులు ముట్టుకోకూడదట. అంటే అది గెలిస్తే నాకు దొరికే బహుమానం ఇంకా ఎక్కువ నిశ్శబ్దం. ఇప్పుడది వారానికోసారి తింటోంది, ఆ పూట నేను కింద తింటున్నాను. నాకేమో రోజూ ఆకలేస్తుంది. పిలవకుండా వెళ్ళడం ఇంకా చేతకాలేదు. డ్రయ్యర్ తిరిగిచ్చే వంకతో ఒకరోజు వెళ్ళాను గానీ, దాన్ని దేనికి వాడానో తెలిసిన ఆవిడ గుమ్మంలోనే "నీకాడే ఉంచీ నాయనా" అంది. ఆ సాకు పోయింది.

క్యారియరు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. రోజుకొక గిన్నె చొప్పున తిరిగిస్తున్నాను.