కొర్లమ్మ వడ్డించిన పులుసు

కోటవురట్ల చెరకు రైతు కూతురు బిందుమాధవి ఇరవై ఏళ్లుగా హెచ్ఐవి మీద పరిశోధన చేస్తోంది. "ఒకే కంచంలో తిన్నా ఇది అంటుకోదు" అని ఆవిడ చెప్పని సభ లేదు, వినకపోతే కసరని మనిషి లేడు.

రాజయ్యపేటలో చేపలమ్ముకునే కొర్లమ్మ ఒంట్లో ఆ వైరస్ చేరి పద్దెనిమిదేళ్లయింది. మందులేమీ లేకుండానే ఆమె రక్తం దాన్ని అణిచిపెట్టింది. బిందుమాధవికి పేరొచ్చిందంటే ఆ రక్తం చలవే. ఏటా వచ్చి కాస్త పట్టుకెళ్తుంది.

ఈసారి కొర్లమ్మ గంప దించి, తన కంచం కడిగి, అన్నం, చేపల పులుసు వడ్డించింది. బిందుమాధవి చెయ్యి కంచం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ పాడు నోటికి ఇంకో అబద్ధం దొరకలేదు.

"శనివారం నీసు ముట్టను కొర్లమ్మా."

కొర్లమ్మ ఖాళీ గంప వైపు చూసింది. "ఇయాల బుధారమమ్మా. శనారమైతే నా సేపలన్నీ అమ్ముడైపోతాయేటి?"

బిందుమాధవికి తల కొట్టేసినట్టయింది. చదివిన చదువంతా ఏ గంగలో కలిసిందో! గబగబా కంచం దగ్గరికి లాక్కోబోయింది. అప్పటికే కొర్లమ్మ దాన్ని పక్కకు జరిపేసి, చెయ్యి చాపింది.

"రగతం తీసుకోమ్మా. దానికి వారం పట్టింపు నేదు గదా."