పాటకు పోసిన డీజిల్

జుమాది పుట్టింది చమురు బావి గట్టునే. కొండమీది ఆ పాత బావుల్లోకి పొడుగాటి ఇనుప గొట్టం దించి, లారీ ఇంజనుతో తాడు లాగి, ముడి చమురు తోడడమే ఆ ఊరి బతుకు. జుమాదికి మాత్రం ఆ వాసన గిట్టదు. పదిహేనో ఏట గిటారు పట్టి, నడుము దాకా జుట్టు పెంచి రాక్ గాయకుడయ్యాడు. నలభై ఆరొచ్చినా ఆ జుట్టు కత్తిరించలేదు. ముందువైపుది దానంతటదే రాలిపోయింది.

అతని పాటలన్నీ చమురు మీద శాపనార్థాలే. భూమి నెత్తురు తాగుతున్నారని గొంతు చించుకునేవాడు. ఆ అరుపు నాలుగూళ్లకు వినబడాలంటే జనరేటరు ఎంత తాగాలో భార్య తుమినాకు తెలుసు. కట్టెల పొగలో కళ్లు మండుతుంటే ముడి చమురు కాచి డీజిల్ తీసేది ఆమే మరి. అతను తోలుకోటని చెప్పుకునేది ప్లాస్టిక్కు. మంచం కింద అమ్ముడుపోని క్యాసెట్లూ ప్లాస్టిక్కే. చమురు తీసేస్తే ఆ మహానుభావుడికి మిగిలేది జుట్టొక్కటే, అదీ సగం.

వాళ్ల బావి అడుగంటుతోంది. గొట్టంలో ముప్పాతిక నీళ్లే వస్తున్నాయి. పైగా వారం రోజులు లాగని బావిని ఊరి బావుల సంఘం ఇంకో జట్టుకు ఇచ్చేస్తుంది. ఇంజను చెడి ఆరు రోజులు బావి ఆగింది. బాగయ్యాక, ఏడో రోజు లాగడానికని తుమినా ఒక పీపా డీజిల్ దాచింది. ఆ ఆరో రోజు మధ్యాహ్నం చూస్తే పీపా లేదు. మైదానంలో మోత మొదలైంది.

ఆమె వెళ్లేసరికి మూడో పాట నడుస్తోంది. కాచిన పీపాను వంచకూడదని, పైతేటే తీయాలని ఆ ఊళ్లో పసివాళ్లకూ తెలుసు. బావి గట్టున పుట్టినవాడు మడ్డితో సహా జనరేటర్లోకి వంచేశాడు. అది రెండుసార్లు దగ్గి ఆగింది. జుమాది నోరు తెరిచే ఉంది, గొంతు మాత్రం ముందు వరుసకు కూడా అందలేదు. జనం వేరుశనక్కాయలు కొనుక్కుని ఇళ్లకు పోయారు.

"రేపు ఇంజనుకేం పోస్తావు, కాంగ్?" అంది తుమినా. అక్కడి ఆడవాళ్లు మొగుణ్ణి పిలిచే పిలుపే అది.

"నీకు కళంటే తెలీదే."

"తెలీదు. అదెంత తాగుద్దో తెలుసు. మీ తాత చేత్తోనే లాగాడుగా. నీతో కలిపి మీ బ్యాండోళ్లు నలుగురున్నారు, పొద్దున్నే రండి."

వచ్చారు. పూర్వం పన్నెండుమంది లాగిన తాడును జుట్లు ముడేసుకుని నలుగురూ పట్టారు, తుమినా ఐదోది. అందరి అడుగూ ఒకేసారి పడాలని జుమాది కేక అందుకున్నాడు. ఏ స్పీకరూ లేకుండానే ఆ కేక అవతలి కొండకు తగిలింది. మధ్యాహ్నానికి ఒక్క గొట్టం పైకొచ్చింది. నీళ్లే, మీద వేలెడు నల్లటి చమురు. సంఘం మనిషి తొంగిచూసి, లాగినట్టే లెమ్మని వెళ్లిపోయాడు.

జుమాది అరచేతుల బొబ్బలు చూపిస్తూ, వారం దాకా గిటారు పట్టలేనని మూలిగాడు.

"మంచిదే," అంది తుమినా తాడు చుట్టుకుంటూ. "వారం దాకా బావి మనదే."