చేపల మార్కెట్ మీద ల్యాబు

మా ఊరికి రొయ్యల ల్యాబు తెచ్చింది నేనే. కౌన్సిల్ హాల్లో బల్ల గుద్ది మరీ తెచ్చాను. బల్ల గుద్దిన మాట అబద్ధం. వార్డు మెంబర్‌గా అందరితోపాటు చెయ్యెత్తాను, అంతే.

అడిగింది మా ఊరి పిల్లే. జీవశాస్త్రం చదివి వచ్చింది. చెరువుల్లో వదిలేముందు రొయ్య పిల్లకి వైరస్ ఉందో లేదో ఇక్కడే చూస్తానంది. ఇదొక్కటి నిలబడితే మేత వాళ్లూ మందుల వాళ్లూ వెనకే వస్తారనీ, కుర్రాళ్లకి పని దొరుకుతుందనీ చెప్పింది. మునిసిపాలిటీ నుంచి ఆమెకి కావలసింది నీళ్ల ట్యాంకు పక్కనున్న పాత పంపుహౌసు, ఆగని కరెంటు.

"దాంట్లో ఫ్లెక్సీల ఫ్రేములుండాయమ్మా. అవి యాడ పెట్టేది?" అన్నాడు చైర్మన్.

"చేపల మార్కెట్ మీద గది ఖాళీనే కదా? రొయ్యల పరీక్ష రొయ్యల దగ్గరే!" అన్నదెవరో గుర్తు లేదని చాలాకాలం చెప్పాను. గుర్తుంది. నేనే.

"వద్దు సార్. కింద జబ్బు రొయ్యలు కూడా అమ్ముతారు. ఆ తడి చేతులతో, చెప్పులతో వైరస్ పైకొస్తుంది. నా పరీక్షలు చెడిపోతాయి," అందా పిల్ల.

"వైరస్ మెట్లు కూడా ఎక్కుతుందా?" అన్నాను. హాలంతా నవ్వింది.

మార్కెట్ మీది గదికే రిబ్బన్ కత్తిరించాం. కొన్నాళ్లకే, ఏ రొయ్య పిల్లని పరీక్షించినా జబ్బని రావడం మొదలైంది. మంచి పిల్లకీ అదే ఫలితం. గది మార్చమని ఆమె ఎన్నిసార్లు అడిగినా కౌన్సిల్లో ఆ మాట ఎత్తినవాడు లేడు. నేనూ ఎత్తలేదు.

ఆ ఏడు మా తమ్ముడు బోగోలు దగ్గర చెరువు కౌలుకు పట్టాడు. ఆక్సిజన్ నింపిన సంచుల్లో రొయ్య పిల్ల దిగింది. పరీక్షలో జబ్బని వచ్చింది.

"ఏందన్నా, నన్ను పరీక్ష చేసినా జబ్బే అంటదేమో నీ ల్యాబు!" అని నవ్వాడు.

ఆ పిల్ల నవ్వలేదు. "ఈ ఫలితం నమ్మమని నేను చెప్పలేను బాబాయ్. వదలమని మాత్రం అస్సలు చెప్పను. చెన్నైకి పంపి చూద్దాం."

"అందాకా సంచుల్లో బతుకుతాయా అమ్మాయ్?"

ఆమెని అలా అడిగి, తమ్ముడు నా వైపు చూశాడు. వదలొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానని తర్వాత బంధువులందరికీ చెప్పుకున్నాను. నిజానికి నేనన్నది ఒక్కటే: "వదిలెయ్‌రా, ఏం కాదులే."

ఆసారి ఫలితం నిజమైంది. పంట సగానికి రాకముందే రొయ్యలు గట్టు వారకి కొట్టుకొచ్చాయి, తల పెంకుల మీద తెల్ల మచ్చలతో. మేమెళ్లేసరికి కొంగలు దిగి ఉన్నాయి. తమ్ముడు వాటిని తోలనైనా తోలలేదు.

ఆ పిల్ల మిషన్లు సర్దుకుని చెన్నై వెళ్లిపోయింది. పంపుహౌసులో ఫ్లెక్సీల ఫ్రేములు అలాగే ఉన్నాయి. తమ్ముడిప్పుడు పక్కవాళ్ల చెరువులకి కాపలా ఉంటున్నాడు. ఎవరన్నా అడిగితే, "ఆ ల్యాబు మా అన్నే తెచ్చినాడు," అంటాడు.

కాదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.