పెదవులు కదపరాదు

మా సూపరింటెండెంటుకు నా నోరంటే పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది అర్థం కావడం సులువు.

విశ్వవిద్యాలయం హాస్టళ్ళ మెస్ ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా నేను కాంట్రాక్టు టైపిస్టుని. టైపు చేయడానికి ఎప్పుడో ఏమీ మిగల్లేదు. అందుకని అకౌంటెంటు గారి పక్క కుర్చీలో కూర్చుని మెస్ బిల్లులు వేసేదాన్ని. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, నెలలో వంటకైన మొత్తం ఖర్చును పిల్లలంతా కలిసి తిన్న రోజులతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. ఆ రేటును ఒక్కొక్కరు తిన్న రోజులతో హెచ్చవేస్తే వాళ్ళ బిల్లు. వందలమంది పిల్లలు, వందల గుణకారాలు. ఒకసారి సూపరింటెండెంటు వేసిన రేటు తప్పని వార్డెన్ ఎదుటే అనేశాను. తప్పే, వార్డెన్ కూడా ఒప్పుకున్నాడు. అయితే వార్డెన్ ఎదుట అనకూడదట! ఆ రోజు నుంచి నేను ఆయనకు కంట్లో నలుసునైపోయాను.

"మన ఆఫీసుకు నోరు తక్కువ, పని ఎక్కువ ఉన్నోళ్ళు కావాలె" అని నేను వింటుండగానే నలుగురితో అనేవాడు. ఊరి బడిలో నేల మీద కూర్చుని చదివి ఇంతవాడినయ్యానని కూడా వారానికోసారి అనేవాడు. చదివితే చదివావు నాయనా, మా ప్రాణం తీయడం ఆ బడిలోనే నేర్పారా అని అడగాలనిపించేది. ఆ ఒక్క మాట మాత్రం పైకి అనలేదు.

అకౌంటెంటు గారు రిటైరయ్యారు. ఆ కుర్చీ నాదేననుకున్నాను, అందరూ అదే అనుకున్నారు. పది రోజులకు ఒక సర్క్యులర్ వచ్చింది. ఆ పనిలో కూర్చునేవాళ్ళు ఫైనాన్షియల్ అకౌంటింగ్ ప్రాథమిక కోర్సు ఆన్‌లైన్‌లో పూర్తిచేసి సర్టిఫికెట్టు తేవాలి. టైపిస్టు పోస్టు సెమిస్టరు ముగియగానే రద్దు. అంటే సర్టిఫికెట్టు తెస్తే కుర్చీ, తేకపోతే ఇల్లు. మా ఆయన ప్రైవేటు స్కూల్లో గుమస్తా, ఆయన జీతం ఏ నెల వస్తుందో ఏ నెల రాదో ఆ దేవుడికే తెలియాలి. కచ్చితంగా వచ్చే జీతం నాదొక్కటే. సర్క్యులర్ నా చేతికిచ్చి సూపరింటెండెంటు నవ్వాడు. "ఇంక జర చదువుకోన్రి మేడమ్" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

కోర్సు చెప్పేది ఒక టై కట్టుకున్న మనిషి. ఎక్కడివాడో తెలియదు. ప్రతి వాక్యం చివర "చాలా సింపుల్" అంటాడు. నీకు సింపులయ్యా, నీకేం! పొద్దున లేచి నలుగురికి వండి, డబ్బాలు కట్టి, క్యాంపస్‌కి నడిచి వచ్చి కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది సింపులో కాదో. మొదటి పాఠం నిమ్మరసం బండి. ఒక పిల్ల నిమ్మరసం అమ్ముతుందట, ఆ పిల్ల బ్యాలెన్స్ షీటు రాస్తుందట. తార్నాక చౌరస్తాలో సోడా బండివాడిని ఆపి నీ ఆస్తులెన్ని, అప్పులెన్ని అని అడగమనండి, గ్లాసు నెత్తిన బోర్లిస్తాడు.

మధ్యాహ్నం పెరుగన్నం తింటూ ఫోన్లో ఒక పాఠం, సాయంత్రం ఇంట్లో ఒక పాఠం వినేదాన్ని. మా ఫ్లాటు ఒక కోచింగ్ సెంటరుకు సరిగ్గా వెనక. అక్కడ మైకులో ఒకాయన ఫిజిక్సు అరుస్తుంటాడు, ఇక్కడ ఇయర్‌ఫోన్లో ఈయన డెబిట్ అంటుంటాడు. రెండూ కలిసి నా తల తిరిగిపోయేది. నేను ఫోనుకేసి చూసి తిడుతుంటే మా ఆయన వంటింట్లోంచి "ఎవరితోనే?" అని అడిగేవాడు.

అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. హాస్టల్లో చేరేటప్పుడు పిల్లలు కట్టే డిపాజిట్టును మేం పద్నాలుగేళ్ళూ వచ్చిన డబ్బు కిందే రాశాం. అది మన రాబడి కాదు, వెళ్ళేటప్పుడు వాళ్ళకు తిరిగి ఇవ్వాల్సిన బాకీ అని ఆ టై మనిషి చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు. వాడి మీద కోపం తగ్గలేదు గానీ, ఆ రోజు నుంచి నోట్సు రాయడం మొదలుపెట్టాను. ప్రతి వారం పెట్టే చిన్న పరీక్షలన్నీ పాసయ్యాను.

చివరి పరీక్ష ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లోనే. చర్చి నుంచి రాగానే మా ఆయన్నీ పిల్లల్నీ బయటికి పంపించి, గది తలుపు వేసి, అద్దెకు తెచ్చిన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ముందు నిబంధనలు వచ్చాయి. గదిలో ఒక్కరే ఉండాలి. ముఖం కెమెరాకు పూర్తిగా కనబడాలి. ఎవరితోనూ మాట్లాడరాదు. ఇంకా ఏవేవో ఉన్నాయి, అన్నిటికీ సరే అని నొక్కాను.

లెక్కలు బాగానే వచ్చాయి. తెర మీద ఒక కాలిక్యులేటర్ పెట్టారు. దాన్ని నేను వాడలేదు, నమ్మను కూడా. ఇరవై నిమిషాలకు తెర మీద ఎర్రటి హెచ్చరిక వచ్చింది. ఏదో కరెంటు తేడా అనుకుని తోసేశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తోసేశాను. మూడోసారి పరీక్ష మూసుకుపోయింది. గదిలో ఇంకొకరితో మాట్లాడుతున్నందున మీ పరీక్ష రద్దయింది అని తెర మీద ఇంగ్లీషులో పడింది. గదిలో నేను, బీరువా, గోడ మీద క్యాలెండరు. ఎవరితో మాట్లాడతాను, నా పిండాకూడు!

సోమవారం పొద్దున్నే, పరీక్ష రద్దయిందన్న ఉత్తరం ఆఫీసుకు కూడా వచ్చిందని తెలిసింది. కోర్సు ఫీజు ఆఫీసు కట్టింది కదా, వాళ్ళకూ ఒక కాపీ. సూపరింటెండెంటు దాన్ని ప్రింటు తీసి, అందరూ ఉండగా చదివాడు. చదివి, కళ్ళద్దాలు తీసి, మెల్లగా అడిగాడు.

"ఏంది మేడమ్, పరీక్ష రాస్తా రాస్తా ఎవరితోని ముచ్చట పెట్టిన్రు?"

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పద్నాలుగేళ్ళలో ఒక్క బిల్లు తప్పు వేయలేదు నేను, ఇప్పుడు నలుగురిలో దొంగనైపోయాను. ఎవరితోనూ మాట్లాడలేదు సార్ అన్నాను. "మెషిన్ అబద్ధం చెప్తదా?" అన్నాడు. ఆ నిమిషాన ఆయన్ని కొరికేయాలన్నంత కసి పుట్టింది. తల దించుకుని వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

క్యాంపస్‌లోనే ఆన్‌లైన్ కోర్సుల కేంద్రం ఒకటుంది. అక్కడి కోఆర్డినేటర్‌కు ముప్పై ఏళ్ళుంటాయేమో. మధ్యాహ్నం వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. అతను నా పరీక్ష వీడియో తెరిచి చూపించాడు. తెర మీద నేను, కళ్ళు కిందికి, పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. పక్కన ఎవరో ఉన్నట్టే, వాళ్ళకేదో చెప్పుకుంటున్నట్టే ఉంది. ఎవరు చూసినా అలాగే అనుకుంటారు.

"ఏం మాట్లాడుతున్నరు మేడమ్?" అన్నాడతను.

"ఎక్కాలు" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. ఎలా అవుతుంది? మాది గుంటూరు వైపు. మా అమ్మ మిషన్ బడిలో మూడో తరగతి టీచరు, నేను ఆమె తరగతిలోనే చదివాను. నలభై మందిమి ఒక్క గొంతుతో ఎక్కాలు అరుస్తుంటే ఎవరు చెబుతున్నారో ఎవరు చెప్పట్లేదో వినబడదు. అందుకని ఆమె చెవులతో కాక కళ్ళతో పట్టుకునేది. చేతిలో స్కేలుతో వరసల మధ్య తిరుగుతూ పెదవులు చూసేది. ఎవరి పెదవి కదలకపోతే వాళ్ళ మూతి మీద స్కేలు పడేది. కూతుర్నని నాకేం మినహాయింపు లేదు, పైపెచ్చు ఇంకో దెబ్బ ఎక్కువ. పదిహేడో ఎక్కం దగ్గర నా పెదవి చిట్లి యూనిఫాం మీద రక్తం పడింది. ఆ సాయంత్రం ఇంట్లో ఆమే పసుపు పెట్టింది. పెడుతూ కూడా చెప్పించింది, పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు అని. నేను ఆమెను చాలా ఏళ్ళు క్షమించలేదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ నోరు కదపకపోతే నాకు ఒక్క లెక్కా రాదు.

ఇదంతా కోఆర్డినేటర్‌కు చెప్పాను. గొంతు ఎత్తే చెప్పానేమో, పక్క గదిలోంచి ఒకరిద్దరు తొంగి చూశారు. అతను పాపం ఓపికగానే విన్నాడు. "నాకు సమజైంది మేడమ్, కానీ సిస్టమ్‌కు సమజ్ కాదు గదా. ఒక్క ఛాన్స్ ఇప్పిస్తా. ఇక్కడికే వచ్చి నా ముందల రాయున్రి. పెదాలు కదిలితే మాత్రం మళ్ళ బందైతది. ఇదే లాస్ట్" అన్నాడు.

కదపకపోతే స్కేలు, కదిపితే రద్దు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంట్లో నాలుగు రోజులు అద్దం ముందు సాధన చేశాను. పెదవులు బిగబట్టగానే ఎనిమిదో తొమ్మిదో తెలియకుండా పోయేది. పంటి కింద లవంగం పెట్టుకున్నాను, నమిలేశాను. మా ఆయన చూసి చూసి "పోనీ వదిలెయ్యవే" అన్నాడు. వదిలేస్తే ఆ సూపరింటెండెంటు మొహాన గెలుపు రాసి ఇచ్చినట్టే కదా! ఛస్తే వదలను అన్నాను.

పరీక్ష రోజు పదకొండు గంటలకు కేంద్రానికి వెళ్ళాను. లోపలికి సీసాలు తేకూడదన్నారు. సరే అని వరండాలో ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళి, నోటినిండా నీళ్ళు పట్టి, మూతి బిగించి వచ్చి కూర్చున్నాను. నీళ్ళుంటే పెదవులు తెరవలేను కదా, అంతే నా ఉపాయం. "రెడీయేనా మేడమ్?" అన్నాడు కోఆర్డినేటర్. తలూపాను. "ఫ్యాన్ పెంచాల్నా?" అన్నాడు. అడ్డంగా ఊపాను. ఇవాళ ఈవిడకేమైంది అన్నట్టు చూశాడు.

పది నిమిషాలకు నీళ్ళు వేడెక్కాయి. పావుగంటకు దవడలు లాగాయి. ఒక తుమ్ము వచ్చి సగం నీళ్ళు మింగేశాను, మిగిలిన సగంతో నెట్టుకొచ్చాను. కానీ లెక్క వచ్చింది! పెదవులు మూసే ఉన్నా నాలుక నీళ్ళలో కదులుతూనే ఉంది. పదిహేడు ఎనిమిదులు అని నాలుక మొదలుపెడితే నూట ముప్పై ఆరు దానంతటదే వచ్చేది. ఆఖరి ప్రశ్న బ్యాలెన్స్ షీటు. రెండు వైపులా మొత్తం కలిపాను. తేడా వచ్చింది. మళ్ళీ పైనుంచి వచ్చాను. డిపాజిట్టును రాబడి అనుకుని ఆస్తుల వైపు రాశాను, పద్నాలుగేళ్ళ అలవాటు! దాన్ని తీసుకెళ్ళి అప్పుల వైపు పెట్టాను. రెండు మొత్తాలూ సమానమయ్యాయి. చివరి బటన్ నొక్కి, వరండాలోకి పరుగెత్తి నీళ్ళు ఉమ్మేశాను. అక్కడే నిలబడి పదిహేడో ఎక్కం మొత్తం పైకి చదివాను. దారిన పోయే పిల్లలు ఆగి చూశారు, చూసుకోనీ.

పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు, పాసు పాసే.

సర్టిఫికెట్టు ప్రింటు తీయించి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనకవైపు ఖాళీ కాగితం, దాన్ని కూడా చూశాడు. సరిగ్గా అప్పుడే ఒక పీహెచ్‌డీ కుర్రాడు తన మెస్ బిల్లు ఎక్కువ వేశారని కాగితం పట్టుకుని వచ్చాడు. ఆ బిల్లు నేను వేసిందే. సూపరింటెండెంటు కళ్ళు మెరిశాయి. "ఆగున్రి మేడమ్, నేనే చూస్త. సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు" అన్నాడు. ఆఫీసంతా ఇటే చూస్తోంది.

పెన్ను తీసి రోజు రేటు రాశాడు, కింద రోజుల సంఖ్య పదిహేడు రాశాడు. హెచ్చవేయడం మొదలుపెట్టాడు. నేను ఎదురుగా నిలబడి ఆయన మొహమే చూస్తున్నాను. మీసాల కింద, మెల్లగా, ఆ పెదవులు కదలడం మొదలైంది. పదిహేడు ఆర్లు, పదిహేడు ఏళ్ళు. శబ్దం లేదు, నాకు మాత్రం ప్రతి అంకె కనబడుతోంది. ఆ ఊరి బడిలో కూడా ఎవరో స్కేలు పట్టుకుని తిరిగారన్నమాట.

లెక్క ముగిసింది. నా బిల్లు పైసా తేడా లేదు. ఆయన తలెత్తేదాకా ఆగాను. జాలి వేయకపోలేదు, వేసింది. అయినా ఊరుకోలేదు. అందరికీ వినబడేలా, ఆయన నన్ను అడిగినంత మెల్లగానే అడిగాను.

"సార్, లెక్క చేస్తూ చేస్తూ ఎవరితో ముచ్చట పెట్టారు?"