కారు ఆగే చోట ఏనుగుల తొట్టి

నేను చేసిన తెలివితక్కువ పనులను వరసగా నిలబెడితే ఆ వరస మదనపల్లెలో మొదలై పుంగనూరు దాటిపోతుంది. అందులో అన్నిటికన్నా ముందు నిలబడేది ఈ తొట్టి. ఏనుగులు దానిలో నీళ్లు తాగాయి. నేను మాత్రం దాని మాటెత్తితే ఇప్పటికీ నీళ్లు నములుతాను.

అప్పట్లో నేను మదనపల్లెలోని ఒక స్వచ్ఛంద సంస్థలో వాతావరణ మార్పుల సమన్వయకర్తని. మార్పులు వాటి పాటికి అవి వస్తుండేవి, సమన్వయమే రావాల్సి ఉండేది. ఉగాది దాటినా నీళ్లుండే కుప్పం అడవి కుంటలు శివరాత్రికే ఎండిపోతున్నాయి. ఏనుగులు దాహంతో పొలాల్లోకి దిగుతున్నాయి. అడవిలోనే తొట్టి కడితే అక్కడే ఆగుతాయి కదా! ఆలోచన మంచిదే. చెడగొట్టడానికి నేనున్నాను.

అడవిలో ఒక గుట్ట వెనక చోటు చూసి వచ్చాను. పుంగనూరులో టీ తాగుతూ మా డైరెక్టరు ఒకటే అడిగారు.

"ఆడికి కారు పోతాదా?"

"పోదు సార్. ఏనుగులు నడిచే కదా వచ్చేది!"

"ఏనుగుల సంగతి కాదప్పా! బెంగళూరు నుంచి విజిటర్లు వస్తే యాడ దిగల్ల? యాడ ఫోటో తీసుకోవల్ల?"

ఇది మా వృత్తిలో ఆచారం లెండి. చెక్‌డ్యామైనా మొక్కలైనా కారు ఆగే చోటే పుడతాయి. నేనూ టీతో పాటు మాట మింగేసి, తొట్టిని ఆ గుట్టకు ఇవతల, శాంతిపురం దగ్గర తారురోడ్డు పక్కకు దింపాను.

ఆ పక్కనే రత్నమ్మ రాగిచేను. ఆ చేనే ఆమె ఇంటికి ఏడాది సంగటి. అయినా తొట్టికి నీళ్లు తన బోరు నుంచే ఇచ్చింది.

"ఏనుగులు ఈడికొస్తే నా చేను గతేందప్పా?"

"తాగి పోతాయమ్మా," అన్నాను, వాటి దగ్గర మాట తీసుకొని వచ్చినవాడిలా.

"నువ్వు సెప్తాండావు గదా, సరే."

ఏనుగులు వచ్చాయి. మా విజిటర్ల పద్ధతే వాటిదీ: ముందు నీళ్లు, తర్వాత భోజనం. మర్నాడు నేను వెళ్లేసరికి కోతకొచ్చిన చేను చాపలా పరుచుకొని ఉంది. రత్నమ్మ మట్టిలోంచి వెన్నులు ఏరుకుంటోంది.

"తాగి పోతాయంటివే. నీళ్లు నేనిస్తిని, విస్తరి నువ్వేస్తివి."

నేనూ కూర్చొని ఏరాను. ఇద్దరం ఏరినవి ఒక పూట సంగటికి కూడా చాలవు. కారులోంచి కనబడే మంచిపని ఇక ఈ జన్మలో చేయనని అక్కడే, ఆ మట్టి చేతులతోనే ఒట్టు పెట్టుకున్నాను.

నేరుగా డైరెక్టరు దగ్గరికి వెళ్లాను.

"తొట్టి గుట్ట వెనక్కి పోవాల సార్."

"మరి విజిటర్లకు ఫోటో?"

"తొక్కిన చేను ఉండాది కదా సార్. రోడ్డు పక్కనే, కారు బాగా ఆగుతాది."

ఆయన ఫైలు దగ్గరికి లాక్కొని సంతకం పెట్టారు. ఆ ఏడు రత్నమ్మ ఇంటికి రాగుల మూటలు మా ఆఫీసు జీపులోనే వెళ్లాయి. గుట్ట వెనక కొత్త తొట్టి లేచింది. మరుసటి ఏడు ఏనుగులు అక్కడే తాగి, అటునుంచి అటే అడవిలోకి వెళ్లిపోయాయి.

ఆ వేసవిలోనే విజిటర్లు వచ్చారు. వాళ్లతో డైరెక్టరు, ఆయనతో కొత్త బూట్లు.

"ఇంగెంత దూరమప్పా?" అన్నారాయన సగం గుట్టెక్కి.

"ఏనుగులకైతే పక్కనే సార్."

దిగి వచ్చేసరికి ఆయన నాలుక పిడచ కట్టుకుపోయింది. పచ్చటి రాగిచేను గట్టున రత్నమ్మ చెంబుతో ఎదురొచ్చింది. నేనే చెప్పి ఉంచాను.

"తాగి పోండి సార్," అంది. "తాగి పోయేదే. సేన్లోకి మాత్రం దిగొద్దండి."