ఒలీవ నూనె సబ్బు, అప్ప చేతులు

ప్రభువా, నీకు స్తోత్రం. కాయలో నూనెను, బూడిదలో క్షారాన్ని దాచిన వాడవు నీవే. ఆ రెండూ కలిస్తే మురికిని కడిగేది పుడుతుందని మనిషికి తెలియజేసిన వాడవూ నీవే. కాలిన చర్మం కింద కొత్త చర్మాన్ని నేసే నీ ఓర్పుకు స్తోత్రం. ఈ మాటలు రాయడానికి నాకు వేళ్ళున్నందుకు కూడా స్తోత్రం, ఎందుకంటే నేను చెప్పబోయేది ఒకరి వేళ్ళ సంగతే.

మాది పలాస దగ్గర ఒక చిన్న సంఘం. మా ఆయన పాస్టరు. సంఘంలో ఆయన్ని అయ్యగారు అనీ నన్ను అమ్మగారు అనీ పిలుస్తారు. నేను పుట్టి పెరిగింది నెల్లిమర్లలో. జూట్ మిల్లు కార్మికుల ఇళ్ళకు వెళ్ళి వాక్యం చెప్పే మా అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతూ లేఖనాలు నేర్చుకున్నాను. తప్పు ఒప్పుకోవడం గురించి బైబిల్లో ఏ పత్రికలో ఏ అధ్యాయంలో ఉందో ఇప్పుడు అడిగినా తడుముకోకుండా చెప్పగలను. ఇతరులకు చాలాసార్లు చెప్పాను కూడా.

కిందటేడు వానాకాలంలో మా సంఘం తమ్ముడొకడు గల్ఫ్ నుంచి సెలవుకు వస్తూ అయిదు లీటర్ల నూనె డబ్బా తెచ్చి మందిరానికి ఇచ్చాడు. డబ్బా మీద ఆలివ్ ఆయిల్ అని ఉంది. మేం మాత్రం లేఖనంలో ఉన్నట్టు ఒలీవ నూనె అంటాం. రోగుల నుదుట రాసి ప్రార్థించడానికి నెలకు చిన్న సీసా కూడా అవసరం పడదు. గడువు తేదీ చూస్తే దగ్గర పడుతోంది. దేవునికిచ్చిన నూనెతో వంకాయ వేయించడానికి మనసొప్పలేదు, పారబోయడానికీ ఒప్పలేదు. ఫోనులో సబ్బు చేసే వీడియోలు నాలుగు చూసి, క్రిస్మస్ ముందు జరిగే స్త్రీల కూడికలో అందరికీ తలా ఒక ఒలీవ సబ్బు ఇస్తానని ఆదివారం నిలబడి చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి.

కాస్టిక్ సోడా నరసన్నపేట వెళ్ళినప్పుడు తెచ్చుకున్నాను. మొదటి రోజు పెద్ద స్టీలు గిన్నె ఎవరింటికో వెళ్ళి ఉండడంతో సిల్వర్ గిన్నె తీశాను. అల్యూమినియాన్ని మేమలాగే పిలుస్తాం. నీళ్ళలో సోడా పడగానే గిన్నె బుసబుసా పొంగి, నల్లగా మారి, ముక్కులు మండిపోయే ఆవిరి కొట్టింది. పెరట్లోనే చేస్తున్నాను కాబట్టి సరిపోయింది. రెండోసారి స్టీలు గిన్నెలోనే, పప్పుగుత్తితో గంటన్నర తిప్పాను. ఒలీవ నూనె కొబ్బరినూనెలా తొందరగా చిక్కబడదు. చెయ్యి లాగేసి, చాల్లే అనుకుని అచ్చులో పోసేశాను. మర్నాడు చూస్తే పైన నూనె, కింద సోడా నీళ్ళు వేటికవే విడిపోయి ఉన్నాయి. అలా లీటరు నూనె పోయింది.

మూడోసారికి కరెంటుతో తిరిగే చేతి బ్లెండరు కొన్నాను. ఈసారి దోసెల పిండిలా చిక్కబడింది. గరిటెతో పైన గీత గీస్తే కాసేపు చెరగకుండా నిలిచింది. అదే గుర్తు. మూడో రోజుకు గట్టిపడితే కత్తితో బిళ్ళలుగా కోశాను. పైన తెల్లగా సున్నంలా పొడి పేరుకుంది. గాలి తగలడం వల్ల అలా వస్తుందట, గీకేస్తే పోతుంది. అలా మూడు వాయిలు చేసి, మిద్దె గదిలో పాత చీర పరిచి బిళ్ళలన్నీ ఆరబెట్టాను. రోజూ పైకి వెళ్ళి ఇటువైపు అటువైపు తిప్పేదాన్ని. ఒక్కో బిళ్ళకూ కట్టడానికి శుద్ధమైన చేతుల గురించిన వాక్యాన్ని రంగు కాగితాల మీద నా చేత్తోనే రాశాను.

కూడికకు ముందు రోజు ఒక పరీక్ష మిగిలింది. తడి వేలితో సబ్బును రుద్ది, ఆ వేలిని నాలుకకు తాకించాలి. సబ్బు రుచే వస్తే మంచిది. టార్చిలైటు బ్యాటరీని నాకినట్టు చురుక్కుమంటే లోపల సోడా మిగిలిపోయిందని అర్థం.

చురుక్కుమంది.

ఇంకో వాయిలోది చూశాను, మూడో దాంట్లోదీ చూశాను. అన్నీ అంతే. నోరు పుక్కిలించి, తప్పెక్కడ జరిగిందో వెతికాను. మా వైపు కొట్లో నూనె కిలోల్లోనే అడుగుతాం. నూనె అంటే కిలో అనే నోటికొస్తుంది. వీడియోలో కిలో నూనెకు ఇంత సోడా అని చెబితే, నేను లీటరు చెంబుతో కొలిచి కిలో అనుకున్నాను. డబ్బాలో మిగిలిన లీటరు నూనెను కాటా మీద పెట్టి చూశాను. ఎనభై గ్రాములకు పైనే తక్కువ తూగింది. నూనె తగ్గితే సోడా మిగిలిపోయినట్టే.

బాగు చేసే దారి కూడా నాకు తెలుసు. బిళ్ళలన్నీ తురిమి, తగ్గిన నూనె కలిపి, సన్నటి సెగ మీద ఉడికించి మళ్ళీ అచ్చు పోయాలి. అలా చేస్తే కూడిక నాటికి అందవు. కాగితాలు కట్టడం అయిపోయింది. మిగిలింది కొంచెమే కదా, రోజులు గడిస్తే తగ్గుతుందిలే అనుకున్నాను. ఈస్టరు దాకా ఆగి వాడమని చెప్పి ఇద్దామనుకున్నాను.

కూడికలో పంచుతుంటే నవ్వులే నవ్వులు. మేమంతా అప్ప, అంటే అక్క, అని పిలిచే పెద్దావిడ సబ్బును ముక్కు దగ్గర పెట్టుకుంది. జీడి పిక్కలు కొట్టే పని ఆమెది. భర్త లేడు, ఒక్కతే ఉంటుంది.

“వాసనేటీ లేదు. మరి సబ్బని ఎలాగ తెలుస్తాది?” అంది.

“కోవాబిళ్ళ లాగున్నాది, నువ్వు తినీకు అప్పా,” అని పక్కనామె అంది.

“తినీడానికి పళ్ళేవి?” అని అప్ప తను కూడా నవ్వి, నా వైపు తిరిగింది. “రేపటి నుండే వాడొచ్చా అమ్మగోరూ?”

అందరూ నా వైపే చూస్తున్నారు. “వాడు అప్పా,” అన్నాను.

జనవరిలో అప్ప రెండు ఆదివారాలు రాలేదు. నేనూ మా ఆయనా చూడడానికి వెళ్ళాం. అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటి మీద గుడ్డ కప్పుకుని కూర్చుంది. గుడ్డ తీస్తే వేళ్ళ సందుల్లో తోలు ఊడి ఎర్రగా ఉంది. అరచేతులు పగిలిపోయాయి.

“ఏమైంది అప్పా?” అన్నారు మా ఆయన.

“జీడి సొన కొట్టీసినాది అయ్యగోరూ. ఇన్నేళ్ళ నుండి ఆముదం రాసుకుని పిక్కలు కొడతన్నాను, ఎప్పుడూ ఇలాగ లేదు. మేస్త్రీ సూసి, మానినాకే రమ్మన్నాడు.” తర్వాత నాతో అంది: “నీ సబ్బుతోనే రోజుకి ఐదారు సార్లు కడుగుతన్నాను. మంటెడతాది. దేవుడి నూని కదా, మందులాగ లోపలికి పనిసేస్తాదని ఓర్సుకుంతన్నాను.”

జీడి సొన చేతుల్ని కాలుస్తుందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ సబ్బును అనుమానించలేదు. నాకు మాత్రం ఆమె మాట పూర్తవకముందే తెలిసిపోయింది. మా ఆయన ఒలీవ నూనె ఆమె నుదుట రాసి, నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. చేశాను. స్వస్థతను గురించి నాకు తెలిసిన వాక్యాలన్నీ వరసగా వచ్చాయి. నా గొంతు వణికితే అప్ప కళ్ళు తుడుచుకుంది, తన మీద ప్రేమతో వణికిందనుకుని.

వచ్చేటప్పుడు కాళ్ళు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళాను. నూతి గట్టు మీద సబ్బు సగం అరిగి జిగురుగా ఉంది. తీసి సంచిలో వేసుకున్నాను. దారిలో కాలవలో పడేశాను.

ఆ నెలలో మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నాడు అప్ప వచ్చింది. రొట్టె ముక్కను పట్టుకోలేకపోతే మా ఆయనే నోటికి అందించారు. నేను ఆమె పక్కనే కూర్చుని తిన్నాను.

ఫిబ్రవరి చివరికి చేతులు మానాయి. దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అప్ప లేచి రెండు చేతులూ ఎత్తి చూపించింది.

“అయ్యగోరు నూని రాసినారు, అమ్మగోరు పార్దన సేసినారు, నా సేతులు వొచ్చీసినాయి. మద్దిలో నా సబ్బుని కాకి ఎత్తుకుపోనాది, ఐనా పరవానేదు. పనికి కూడా ఎల్తన్నాను. దేవుడికి స్తోత్రం.” అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. కూడిక అయ్యాక నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది. “ఆ సబ్బు ఇంకోటుంటే పెట్టు అమ్మగోరూ.”

ఆ మాటతో ఇంక దాచలేకపోయాను. మా ఇంట్లో ఇంకా కొన్ని బిళ్ళలు మిగిలి ఉన్నాయి. నేను ఇవ్వకపోయినా ఎవరో ఒకరు వాడకుండా దాచుకున్నది ఆమెకిస్తారు. మర్నాడు అప్ప పని నుంచి వచ్చే వేళకు వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉన్నాను. సోడా మిగిలిపోయిందని, కాల్చింది జీడి సొన కాదు సబ్బేనని చెప్పాను.

చాలాసేపు తన చేతులు చూసుకుంది. “మరి కాకి?” అంది.

“కాకి కాదు అప్పా. నేనే తీసుకెళ్ళి పారేశాను.”

“అయ్యో పాపం, ఆ కాకిని ఎన్ని తిట్లు తిట్టీసినానో,” అని నవ్వింది. నేనూ నవ్వబోయాను. అప్పుడడిగింది. “ఇచ్చినప్పుడు నీకు తెలుసునా?”

“ముందు రోజు నాలుకకు తాకించి చూశాను. చురుక్కుమంది.”

“తెలిసే ఇచ్చినావు.”

“తెలిసే ఇచ్చాను.”

“నెల్లాళ్ళు సెంచాతో తిన్నాను అమ్మగోరూ,” అంది. ఆ గొంతులో కోపం లేదు.

నేను కంగారుగా, ఆదివారం అందరికీ చెప్పేస్తాను, నీ సాక్ష్యంలో పొరపాటుందని చెబుతాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “నా సాచ్చెం జోలికి రాకు. కాల్సింది నువ్వు, మాన్పింది ఆయిన. నాది నాను సెప్పుకున్నాను. నీది నువ్వు సెప్పుకో.”

ఆదివారం లేచాను. క్రిస్మస్‌కు ఇచ్చిన సబ్బులు సరిగా కుదరలేదని, ఒంటికి వాడొద్దని, గిన్నెలకో బట్టలకో చేతులు తగలకుండా వాడుకోమని చెప్పాను. “పరవానేదమ్మగోరూ, మొదటిసారి కదా,” అన్నారు ఇద్దరు ముగ్గురు. ముందు వరసలో చాప మీద అప్ప నా ముఖం వైపు చూస్తోంది. ఆ తర్వాతి మాట కోసం చూస్తోందని నాకు తెలుసు. నేను కూర్చున్నాను. ఆమె తల వంచుకుని చేతులు కొంగులో దాచుకుంది.

ఇంటికొచ్చాక మా ఆయనకు అంతా చెప్పాను. “సాక్ష్యాలప్పుడు నిన్ను నేను పేరు పెట్టి పిలవను. నువ్వే లేవాలి,” అన్నారు. ఇన్ని నెలలయినా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

డబ్బాలో మిగిలిన ఆ లీటరు నూనెతో మార్చిలో మళ్ళీ సబ్బు చేశాను. నూనెను కాటా మీద తూచి, తూగినదానికి సరిపడే సోడా కన్నా కాస్త తక్కువే వేశాను. ఎండాకాలం, వానాకాలం దాటేదాకా ఆరబెట్టాను. రాయిలా గట్టిపడింది. నాలుక మీద పెడితే ఉత్త సబ్బు రుచే. పోయిన వారం ఒక బిళ్ళ తీసుకుని అప్ప ఇంటికి వెళ్ళాను.

అప్ప దాన్ని తీసుకుని, నీళ్ళ చెంబులో వేలు ముంచి, సబ్బు మీద రుద్ది, నా ముందే నాలుకకు తాకించుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు ఆగింది. “సురుక్కుమన్నేదు,” అని చెప్పి కొంగున కట్టుకుంది. ఏ మందలింపూ లేదు. వెనకటి సబ్బును నా చేతిలోంచి తీసుకున్నప్పుడు ఆమె అడిగింది ఒక్క మాటే, నేను చెప్పిన ఒక్క మాటా నమ్మింది. ఈసారి నా మాట అడగనే లేదు.

మళ్ళీ స్త్రీల కూడిక వస్తోంది. ఈ ఏడు సబ్బులు లేవా అని అడుగుతున్నారు. వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను చెప్పాల్సింది పెద్ద కథేమీ కాదు. తెలిసే ఇచ్చాను. రెండే మాటలు. అప్పకు చెప్పాను, మా ఆయనకు చెప్పాను, ఇక్కడ రాశాను. మందిరంలో మాత్రం ఇన్నాళ్ళుగా గొంతులోనే ఉన్నాయి.

ఇది చదువుతున్న అక్కా, తమ్ముడా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, అప్ప చేతులను పని మానకుండా కాపాడు. అబద్ధం ఇట్టే పలికిన ఈ నాలుకతో ఆదివారం ఆ రెండు మాటలూ పలికించు. నా మాట వెనక్కి వెళ్ళబోతే, ముందు వరసలో చాప మీద కూర్చున్న ఆమె ముఖాన్ని నా కళ్ళ ముందు నిలుపు. ఆమేన్ అని మీరు కూడా అనండి.