అత్తగారి శాలువా అమ్ముడైపోయిన చలికాలం

పోయిన శనివారం మాస్టర్టన్ వెళ్ళాను. న్యూజిలాండ్‌లో మేముండే లోవర్ హట్ నుంచి అక్కడికి కొండ దాటి వెళ్ళాలి. రోడ్డు ఎన్ని మెలికలు తిరుగుతుందంటే, అవతలికి దిగేసరికి పొద్దున తిన్న ఇడ్లీలు కూడా కడుపులో మెలికలు తిరుగుతుంటాయి. వెళ్ళింది ఒక పుస్తకాల బీరువా కోసం. మా అమ్మాయి ఈ మధ్యే స్నేహితులతో కలిసి ఫ్లాట్‌లోకి మారింది. కొత్త బీరువా కొనిస్తానంటే వద్దంది. ఎవరో వాడి వదిలేసినదే కావాలట, భూమికి అదే మంచిదట. ఆ ఊళ్ళో మేం కొన్నేళ్ళు కాపురమున్నాం కాబట్టి అక్కడి చారిటీ షాపులో చెక్క సామాను బాగుంటుందని నాకు తెలుసు. ముందు ఫోన్ చేసి అడిగితే బీరువా ఉందన్నారు. తీరా అంత దూరం డ్రైవ్ చేసుకుని వెళితే, ఇప్పుడే ఎవరో తీసుకెళ్ళిపోయారన్నారు. ఫోన్లో ఉందన్నారుగా అంటే, కౌంటర్లో ఉన్న పెద్దాయన ఏ మాత్రం తొణక్కుండా, ‘అప్పుడు ఉంది’ అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది. ఉత్తి చేతులతో వెనక్కి తిరుగుతుంటే, బట్టలు వేసి చూసుకునే అద్దం పక్కన ఒక నోటీసు కనిపించింది. దయచేసి మీ సొంత బట్టలు మీ చేతిలోనే ఉంచుకోండి, పొరపాటున అమ్మేసే ప్రమాదం ఉంది, అని. ఇది ఎప్పటి నుంచి ఉందని ఆయన్ని అడిగాను. తను చేరినప్పటి నుంచీ ఉందనీ, ఎవరో నవ్వులకి పెట్టి ఉంటారనీ అన్నాడు. నవ్వులకేమీ పెట్టలేదు. అది మా అత్తగారి పుణ్యం.

మా అత్తగారు తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వెనక బెంచీ దాకా వినపడే గొంతు. మేం మాస్టర్టన్‌లో ఉన్న రోజుల్లో ఒక ఏడాది ఆవిడ మా దగ్గరికి వచ్చారు. మే నెల ఎండలు తప్పించుకోవచ్చని కొడుకు టిక్కెట్టు కొన్నాడు. తప్పించుకున్న మాట నిజమే గానీ, ఇక్కడ అప్పుడే చలికాలం మొదలవుతుందన్న సంగతి మావారు వాళ్ళమ్మకి చెప్పడం మర్చిపోయారు. ఆవిడ నాలుగు నేత చీరలూ, రెండు జతల సాక్సూ, ఒక శాలువాతో దిగారు. ఎయిర్‌పోర్టు బయట గాలి మొహాన కొట్టగానే కొడుకు వైపు ఒక చూపు చూశారు. లెక్క తప్పు చేసిన పిల్లవాడిని చూసే చూపది.

ఆ శాలువా గురించి చెప్పాలి. మన వైపు సన్మానాల శాలువాలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా. మెరిసే జరీ అంచు, గరుకు బట్ట. కప్పిన మర్నాడే బీరువాలోకి వెళ్ళిపోయి, మళ్ళీ ఇంకెవరి సన్మానానికో బయటికొచ్చే రకం. అత్తగారికి కూడా అలాంటివి బీరువా నిండా ఉండేవి. ఇది మాత్రం వేరు. ఆవిడ రిటైరయిన ఏడాది పదో తరగతి పిల్లలు తలా కొంత వేసుకుని, సైన్యంలో ఉన్న ఎవరి అన్నయ్య చేతో శ్రీనగర్ నుంచి తెప్పించిన అసలు ఉన్ని శాలువా. గంధం రంగు, అంచు పొడుగునా ఆకుపచ్చ దారంతో మామిడి పిందెల కుట్టు. చేత్తో పట్టుకుంటే వెన్నలా జారేది. అత్తగారు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, దాచుకోనూ లేదు, వాడుకున్నారు. రిటైర్మెంటు సభలో హెడ్మాస్టరు ఆవిడ పేరు తప్పు చదివాడట. ఆ తరవాత పిల్లలు వేదికెక్కి ఈ శాలువా కప్పారట. ‘ఇంతకాలం చేసిన ఉద్యోగానికి నాకు మిగిలింది ఇదే అమ్మాయ్’ అనేవారు. పెన్షన్ లేదా అని మావారు హాస్యమాడితే, పెన్షన్ గవర్నమెంటు ఇచ్చింది, ఇది పిల్లలిచ్చారు అనేవారు.

చారిటీ షాపులంటే ఆవిడకి మొదట అసహ్యం. ఊళ్ళోవాళ్ళు ఉచితంగా ఇచ్చిన పాత సామాన్లు అమ్మి, వచ్చిన డబ్బు జబ్బుమనుషుల సేవకి వాడతారని చెబితే మెచ్చుకున్నారు గానీ, బట్టల దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. ‘మనం పాత బట్టలిచ్చి స్టీలు గిన్నెలు తెచ్చుకుంటాం. వీళ్ళేంటమ్మా, డబ్బులిచ్చి పాత బట్టలు తెచ్చుకుంటారు?’ అన్నారు. అయినా మధ్యాహ్నాలు ఇంట్లో తోచక నాతో వచ్చేవారు. లోపల కలరా ఉండలూ, పాత పుస్తకాలూ, బట్టల సబ్బూ కలిసిన ఒక వాసన. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ప్రతి అరా తనిఖీ చేసేవారు. పింగాణీ కప్పులు తిరగేసి అడుగులు చూసేవారు, గోడ గడియారాలు ఎవరూ అడక్కుండానే సరిచేసేవారు. కౌంటర్లో కూర్చునే పెద్దావిడ, కళ్ళజోడుకి గొలుసు వేసి మెళ్ళో వేలాడదీసుకునేది, అత్తగారిని చూసి ఇన్‌స్పెక్షనుకి ఎవరో వచ్చారనుకునేదేమో, లేచి నిలబడేది.

జూలైలో ఒక రోజు ఎముకలు కొరికే గాలి. హ్యాంగర్ల మధ్యలో ముదురు నీలం ఉన్ని కోటు ఒకటి అత్తగారి కంటపడింది. పాతది కాదు, కొన్న షాపు చీటీ మెడ దగ్గర ఇంకా వేలాడుతోంది. ఎవరూ తొడగలేదంటే అది పాత బట్ట కిందికి రాదని ఆవిడే తేల్చారు. శాలువా తీసి పక్క స్టాండు మీద వేసి, కోటు తొడుక్కుని, షాపు చివరనున్న అద్దం దాకా నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను. చేతులు వేళ్ళు దాటి కిందికి జారాయి. భుజాలు చూస్తే ఆవిడ లోపల, కోటు ఎక్కడో బయట. అటూ ఇటూ తిరిగి చూసుకుని, కత్తిరించి కుట్టించుకుంటే ఎలా ఉంటుందని అడిగి, ఆవిడే వద్దనుకుని, గుండీలన్నీ విప్పి, కోటుని ఎక్కడిదక్కడ తగిలించి చూస్తే, శాలువా లేదు.

స్టాండు కింద వెతికాం. స్కార్ఫుల బుట్ట బోర్లించాం. చివరికి నేను కౌంటరు దగ్గరికి వెళ్ళి, గంధం రంగు శాలువా చూశారా అని అడిగాను. కళ్ళజోడు గొలుసావిడ మొహం వెలిగింది. అందమైన శాలువా, దానికి ధర చీటీ లేకపోతే తనే ఒక ధర అనుకుని ఇప్పుడే అమ్మేశానంది. అది మాదని చెప్పాక వెలుగు ఆరిపోయి, ‘ఓ డియర్’ అంది. ఆ తరవాత అరగంట సేపు ఆవిడ నోట్లోంచి మాటిమాటికీ వచ్చింది అదే. అత్తగారు ముందుకొచ్చి, స్కూలు ఇంగ్లీషులో, ఒక్కో మాటా బోర్డు మీద రాస్తున్నట్టుగా, అది తన సొంత ఆస్తి అనీ, దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదనీ చెప్పారు. ఆవిడ ఇంకోసారి ఓ డియర్ అని, షాపులో ఉన్న ఏ శాలువా కావాలన్నా ఊరికే తీసుకెళ్ళమంది. అత్తగారు నా వైపు తిరిగి, ఎంతకి అమ్మిందో అడగమన్నారు. అడిగాను. ఒక కాఫీ ఖరీదు. ఆ మాటతో అత్తగారి మొహం ఎర్రబడింది. పోయిందన్న బాధ కన్నా, పోయిన ధర ఆవిడని ఎక్కువ గుచ్చింది.

కొన్నది ఎవరో తెలియదు. మోకాళ్ళ దాకా రబ్బరు గమ్ బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ, ఊరి బయట పొలాల వైపు నుంచి అప్పుడప్పుడూ వస్తుంది, పేరు తెలియదు. అంతే ఆధారం. నా ఫోన్ నంబరిచ్చి వచ్చాం. ఆ తరవాతి వారాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు కొరకాలనిపిస్తుంది. ఫోన్ ఎవరూ చేయలేదు. నేను ఆఫీసులో పర్మిషన్ పెట్టి వెళితే షాపుకి తాళం, ఈ రోజు వాలంటీర్లు లేరని తలుపుకి ఒక కాగితం. ఇంకో రోజు వెళితే కౌంటర్లో వేరే మనిషి. సంగతంతా మొదటి నుంచి చెప్పాలి. చెప్పాక ఆవిడ కూడా ఓ డియర్ అని, నో వరీస్, దొరుకుతుందిలే అంటుంది. వరీ అంతా మా ఇంట్లో ఉంది మరి. ఎవరూ కసురుకోరు, ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు. కనీసం ఒకరు పెడసరంగా మాట్లాడినా పోట్లాడే వీలుండేదనిపించేది. ఇంటికొస్తే మావారు, వచ్చే ఏడాది ఇండియా వెళ్ళినప్పుడు దీని తాతలాంటిది కొనిస్తానమ్మా అన్నారు. అత్తగారు రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఆయన కూర వడ్డించమంటే గిన్నె నా వైపు జరిపేవారు. నాకు చిరాకు ఎవరి మీదో తెలిసేది కాదు. షాపు మీదా, మావారి మీదా, రోజుకి పదిసార్లు ‘ఫోన్ వచ్చిందా అమ్మాయ్’ అని అడిగే అత్తగారి మీదా. ఆవిడ తిరుగు ప్రయాణం దగ్గరపడుతోంది.

ఆ ప్రయాణానికి సామాన్లు కొనడానికే ఒక సాయంత్రం సూపర్ మార్కెట్టుకి వెళ్ళాం. కారు పార్క్ చేసి దిగబోతుంటే అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఎదురుగా ఒక పాత యూట్, పొలాలవాళ్ళు వాడే వెనక తొట్టి ఉన్న బండి, ఆగి ఉంది. తొట్టిలో ఒక ముసలి గొర్రెల కుక్క నిలబడి ఉంది. మూతంతా నెరిసిపోయింది, వెనక కాళ్ళు వణుకుతున్నాయి. దాని వీపు మీద, పొట్ట కింద రెండు పట్టీలతో బిగించి, మెడ దగ్గర గుండ్రంగా కత్తిరించి కుట్టిన గంధం రంగు కోటు. అంచున ఆకుపచ్చ మామిడి పిందెలు.

అత్తగారికి కుక్కలంటే భయం, ఇంటి గుమ్మం ఎక్కనివ్వరు. అలాంటిది నేరుగా వెళ్ళి ఆ బండి పక్కన నిలబడ్డారు. ఇంతలో గమ్ బూట్లావిడ సంచులతో వచ్చింది. అత్తగారి కన్నా పెద్దది. నేను సంగతంతా చెప్పాను. ఎన్నోసారి చెబుతున్నానో నాకే గుర్తులేదు, గొంతులో మర్యాద కూడా మిగల్లేదు. ఆవిడ ఓ డియర్ అనలేదు. సంచులు నేల మీద పెట్టేసి, తనకి తెలియదని మాత్రం అంది. కుక్క కీళ్ళన్నీ పట్టేశాయట, ఇంట్లో ఉండమంటే ఉండదట, బండెక్కనివ్వకపోతే అన్నం ముట్టదట, అందుకని ఇలా కుట్టిందట. చెబుతూనే పట్టీలు విప్పి, ఆ గుడ్డని అత్తగారి చేతికిచ్చింది. గాలికి కుక్క ఒళ్ళంతా వణికింది. అయినా కూర్చోలేదు, మమ్మల్నే చూస్తూ నిలబడింది.

అత్తగారు గుడ్డని తిరగేశారు. కత్తెర పడిన చోట్ల వేలితో తడిమారు. కుట్టు చాలా శ్రద్ధగా ఉంది, అంచు ఎక్కడా వృథా కాలేదు. తల ఎత్తి, దాని వయసెంత అని ఇంగ్లీషులో అడిగారు. పదహారు అంది ఆవిడ. కుక్కలకి అది మన తొంభై లాంటిది. అత్తగారు గుడ్డని తిరిగి ఆవిడ చేతిలో పెట్టారు.

‘కప్పెయ్యమను అమ్మాయ్,’ అన్నారు నాతో. ‘నిలబడి ఉన్నాడు పాపం.’

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆవిడకి అర్థమైంది. పట్టీలు బిగించి, అత్తగారి చెయ్యి పట్టుకుని, వదల్లేదు.

ఇది చదివి, అత్తగారి మనసు తేలికపడిందనుకుంటే పొరపాటు. కారెక్కగానే మొదలుపెట్టారు. పిల్లలు కూడబెట్టి ఇచ్చిన శాలువా, ఒక్క మాట అడక్కుండా కత్తెర పెట్టారు. చేతిలో బట్ట చూస్తే సొంతదో షాపుదో తెలియనివాళ్ళు షాపెందుకు నడపాలి. ఇంటికెళ్ళాక కొడుకుని, మర్నాడు నన్ను, ఫోన్లో మా ఆడపడుచుని కూర్చోబెట్టి ఇదే పాఠం చెప్పారు. వెళ్ళే ముందు రోజు షాపుకి తీసుకెళ్ళమని పట్టుబట్టి, కళ్ళజోడు గొలుసావిడతో, అద్దం దగ్గర ఒక హెచ్చరిక రాసి పెట్టాలని గట్టిగా చెప్పి మరీ విమానం ఎక్కారు. నేను ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చి, తప్పు మాట గానీ, హమ్మయ్య అనుకున్నాను.

కొన్నాళ్ళ తరవాత తెనాలి వెళ్ళినప్పుడు, ఆవిడ పాత విద్యార్థి ఒకాయన పెళ్ళాం పిల్లలతో చూడటానికొచ్చాడు. మాటల్లో, మేం ఇచ్చిన శాలువా వాడుతున్నారా టీచర్ అని అడిగాడు. నేను వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసులతో ఆగిపోయాను. అత్తగారు నా వైపు చూడకుండా, ‘న్యూజిలాండ్‌లో ఒక పెద్దాయన చలికి వణికిపోతుంటే కప్పి వచ్చానయ్యా’ అన్నారు. అతను లేచి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. ఆవిడ దీవించారు. లెక్కల టీచరు చెప్పింది కాబట్టి అందులో లెక్క తప్పేమీ లేదు.

ఇప్పుడు ఆవిడకి ఎనభై దాటాయి. ఇక అంత దూరం విమానం వద్దన్నారు డాక్టర్లు. ఆ చలికాలం ఆవిడ మా ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కో రోజూ ఎంతకీ తెల్లారేది కాదు, తెల్లారితే ఎంతకీ పొద్దుపోయేది కాదు. ఆవిడ ఎప్పుడు బయలుదేరతారా అని నేను క్యాలెండరు వైపు చూసేదాన్ని. శనివారం ఆ కొండ మలుపుల్లో డ్రైవ్ చేస్తూ ఆ రోజులన్నీ మొదటి నుంచి చివరి దాకా తలుచుకున్నాను. సగం దారి కూడా రాకముందే అయిపోయాయి.